ఎండలో పరచిన వేలిముద్రలు

ప్రతి ఉదయం నా కోడలు నానిన బాదంపప్పులు అయిదింటిని ఒక చిన్న గిన్నెలో తెచ్చి నా ముందు పెడుతుంది. వాటిని ఒలుచుకొనే పని నాది. నీరు పీల్చుకొన్న పప్పును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉంచి మెల్లగా నొక్కితే లోపలి తెల్లని గింజ జారి బయటికి దూకుతుంది. తొక్క మాత్రం తన ఆకారాన్ని విడువక, లోపల ఏమీ లేని చిన్న సంచివలె, తడిగా, చల్లగా వేళ్ళ మధ్య మిగిలిపోతుంది. అక్కడ నా చేయి ఆగుతుంది. "ఏం మామా, చేదుగా ఉండాయా?" అని కోడలు అడుగుతుంది. లేదమ్మా అంటాను. మనిషి చర్మం కూడా ఒక్కొక్కప్పుడు ఇదే విధంగా, ఇంతే సులభంగా ఊడివస్తుందనీ, అటువంటి చర్మంలో నా వేలు దూర్చి ఒక మధ్యాహ్నం నిలుచున్నాననీ ఆ పిల్లకు ఎట్లా చెప్పను? చెప్పవలసివస్తే ముందుగా హుసేన్ పీరా గారిని గురించి చెప్పాలి.

ఆయనను మీరెవరూ ఎరుగరు. ఎరుగవలసిన అవసరం కలగకపోవడం మీ అదృష్టం. ఆయన చేతికి వచ్చే వేళ్ళు రెండే రకాలవి: నేరం మోపబడినవారివి, పేరు తెలియకుండా మరణించినవారివి. పోలీసు శాఖలోని వేలిముద్రల విభాగంలో జీవితమంతా గడిపి, పదవీ విరమణ చేసి, పెనుకొండలో కోటగోడకు ఆనుకొన్న ఒక సందులో రాతి మిద్దెలో ఉండేవారు. నేను ఆయనను ఆశ్రయించింది తొంభైల దశకం నడుమ. అప్పటికి నాకు నలభై నిండుతున్నవి. విద్వాన్ పరీక్షలో ఉత్తీర్ణుడనై, తెలుగు పండితుడిగా కొలువు దొరకక, పొట్టకోసం పోలీసునైనవాడిని నేను. లాఠీ పట్టడం చేతకాక, అక్షరాల మీద చూపు నిలుస్తుంది కదా అని అధికారులు నన్ను హిందూపురంలోని చిన్న వేలిముద్రల కార్యాలయానికి పంపారు. అక్కడ అందరికీ నేను 'పంతులు'నే.

ఆ కొలువులో స్థిరపడడానికి ఒక పరీక్ష ఉండేది. దేశం నలుమూలలనుండి వచ్చినవారు వ్రాసే నిపుణుల పరీక్ష అది. అందులో నెగ్గినవాడికే 'ఈ ముద్ర ఈ మనిషిదే' అని అభిప్రాయం వ్రాసి సంతకం చేసే అధికారం. అతని మాటనే న్యాయస్థానం వింటుంది. మూడు పర్యాయాలు మాత్రమే వ్రాయనిస్తారు. నేను రెండుసార్లు తప్పాను. సిద్ధాంత భాగంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. రెండుసార్లూ ముద్రలను పోల్చే ప్రయోగ భాగంలోనే ఓడిపోయాను. మూడవసారి తప్పితే తిరిగి స్టేషను డ్యూటీకి, గుంపులను చెదరగొట్టే పనికి పోవలసిందే. బందోబస్తులో ఒకసారి నా చేతి దెబ్బకు ఒక ముసలివాడి నుదురు పగలడం చూసినవాడిని. మళ్ళీ అటువంటి పనికి పోవడం కంటె కొలువు మానుకోవడం మేలనుకొన్నాను. మానుకొంటే ఇల్లు గడవదు. ఆ సంకటంలో మా ఇన్‌స్పెక్టరు గారు, "పెనుకొండకు పో, పీరా సారు కాళ్ళమీద పడు. ఆయనకూ నీకూ ఇద్దరికీ పిచ్చే, కుదురుతుంది" అన్నారు.

ఒక ఆదివారం బస్సెక్కి, సోమందేపల్లి మీదుగా పెనుకొండ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ వేళ పెనుకొండ వీధులకు ఒక విచిత్రమైన నిశ్శబ్దం ఉంటుంది. కొండ రాళ్ళు కాలి, కోటగోడల నీడలు గోడల పాదాలలోనికే ముడుచుకొనిపోయి, ఊరంతా ఎవరికోసమో ఊపిరి బిగబట్టినట్లు తోస్తుంది. పీరా గారి తలుపు ఓరగా తెరచి ఉంది. లోపలి ముంగిట్లో బండపరుపు మీద తెల్లని కాగితాలు వరుసలు తీర్చి పరచి ఉన్నాయి. ప్రతి కాగితం మీదా గాలికి లేవకుండా ఒక గులకరాయి. వాటి నడుమ గొంతుకూర్చుని, తెల్లని టోపీ, బనియను, గళ్ళ లుంగీలో ఒక ముసలాయన ఒక్కొక్క కాగితాన్నే వెనుకకు తిప్పుతూ, "అట్ల తిరుగన్నా... నువ్వూ తిరుగమ్మా, చాలు ఈ పక్కకు" అని తనలో తాను గొణుగుకుంటున్నాడు. నేను గొంతు సవరించుకొన్నాను. ఆయన తల ఎత్తి నా ముఖం చూడలేదు. నా చేతులు చూశాడు.

"యాడినుంచి వస్తాండావప్పా?"

"హిందూపురం నుంచి సార్. వేలిముద్రల ఆఫీసు."

"ఓ, నువ్వేనా పద్యాల పోలీసు? ఎన్నితూర్లు తప్పినావు?"

"రెండు సార్లు సార్."

"మూడోతూరి తప్పితే లాఠీయేనా? ఏదీ, ఇట్ల పెట్టు చెయ్యి." నా అరచేతిని వెలుగుకు తిప్పి చూసి పెదవి విరిచారు. "లాఠీకి ఈ చెయ్యి పనికిరాదు. కలానికి బాగుంటుంది. భూతద్దానికి పనికొస్తుందా లేదా అనేది ఇంగ సూడల్ల. అడుగు సూసుకొని వెయ్యి, మనుషులుండారు."

చుట్టూ చూశాను. ఆయన, నేను తప్ప ఎవరూ లేరు. ఆయన ఆ కాగితాల వైపు గడ్డం చూపారు. బావులలో, రైలుపట్టాల మీద, పాడుబడ్డ సత్రాలలో దొరికి, ఎవరూ వచ్చి మావాడని చెప్పక, ప్రభుత్వమే పూడ్చిపెట్టించిన అనాథ శవాల వేలిముద్రలట అవి. శాఖకు ఇవ్వవలసిన ప్రతి ఇచ్చి, ప్రతి మృతుడికీ మరొక ప్రతి తనకోసం తీసుకోవడం ఆయన అలవాటు. చెమ్మ తగిలి కాగితం బూజుపట్టకుండా నెలకొకసారి వారందరినీ ఎండలో కూర్చోబెట్టేవారు. కూర్చోబెట్టడమన్నది ఆయన మాటే.

ఆనాటి నుండి ఆదివారాలన్నీ ఆ ముంగిటనే గడిచాయి. ఒక పీటమీద రెండు ముద్రలు పెట్టి, భూతద్దం చేతికిచ్చి, ఆయన గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకొనేవారు. వేలి చివర గీతలు ఎక్కడ చీలుతున్నవో, ఎక్కడ ఆగిపోతున్నవో, ఎక్కడ చుక్కగా మిగులుతున్నవో గుర్తించి, ఒకదానిలోని గుర్తు రెండవదానిలో అదే చోట ఉన్నదా అని చూడడం మా పని. నా తప్పేమిటో ఆయన రెండవ వారానికే పట్టుకొన్నారు. సగం చెరిగిన ఒక ముద్రలో నేను పన్నెండు గుర్తులు చూపించాను. ఆయన ఒక్కొక్కదాని మీదా పెన్సిలు మొన ఆనించి అడిగారు.

"ఈ చీలిక యాడుండాదప్పా? నాకు కనబడలేదు. ముసలి కండ్లు, సూపించు."

"గీత ఇటు వస్తున్నది కదా సార్. ఇక్కడ చీలక తప్పదు."

"చీలక తప్పదని నువ్వనుకుంటాండావు. కాగితం ఏమీ అనలేదు. కాగితం ఈడ ఊరికే ఉండాది." పెన్సిలు పక్కన పెట్టి, "పద్యంలో ఒక పాదం చెరిగిపోతే ఏం చేస్తారు మీరు?" అన్నారు.

"ఛందస్సునూ సందర్భాన్నీ బట్టి పూరిస్తాం."

"అదే నీకు పట్టిన దయ్యం. తాళపత్రంలో చిల్లి పడితే పూడ్సు, సన్మానం చేస్తారు. ఈడ చిల్లి పూడిస్తే ఒకడు జైలుకు పోతాడు, లేకుంటే ఒకడు బతికుండంగనే చస్తాడు."

సమస్యాపూరణలలో ఆరితేరిన బుద్ధికి, లేనిచోట లేమినే చూడమనడం ఎంత కఠినమైన శిక్షణో చెప్పలేను. చెరిగిన చోట కన్ను నిలిపితే చాలు, అక్కడ గీతలు మొలిచేవి. వాటిని నేను మొలిపించుకొంటున్నానని తెలిసికూడా అవి కనబడేవి. "రెప్ప కొట్టు, పోతాయి. పోకపోతే అవి నీవి కావు, కాగితానివి" అనేవారు పీరా గారు. మా పనిలో జవాబులు మూడని కూడా ఆయనే చెప్పారు: అవును, కాదు, చెప్పలేము. మొదటి రెండూ ఎవరైనా చెప్తారనీ, మూడవదాన్ని తలవంచుకోకుండా చెప్పగలవాడి కోసమే అంత పెద్ద పరీక్ష పెట్టారనీ ఆయన అభిప్రాయం.

పరీక్షకు నెలన్నర ఉందనగా ధర్మవరం శివార్లలోని ఒక పాడుబావిలో శవం తేలింది. నీళ్ళలో చాలా దినాలున్నది. ముఖం ముఖంగా మిగలలేదు. ఒంటిమీద బనియను తప్ప ఆనవాలు లేదు. అదే రోజులలో హిందూపురంలో ఓబుళమ్మ అనే ఆమె తన భర్త నరసింహులు కనబడడం లేదని ఫిర్యాదు ఇచ్చి ఉంది. భార్యాభర్తలిద్దరూ పట్టుగూళ్ళను ఉడికించి నూలు తీసే రీలింగ్ షెడ్డులో కూలీలు. పట్టునూలు మూటతో ధర్మవరం బస్సెక్కినవాడు, మూట మగ్గాలవారికి అప్పగించాడు గాని తిరిగి రాలేదు. అతనికి సంతకం రాదు. తండ్రి భాగపు చేను రిజిస్టరు అయిన రోజున అతని ఎడమ బొటనవేలి నిశానీ రిజిస్ట్రారు కచేరీ పుస్తకంలో పడింది. ఆ ఒక్క ముద్రే అతనికి సంబంధించి లోకంలో మిగిలిన గుర్తు. మా నిపుణుడు సెలవులో ఉన్నందున శవం వేలిముద్రలు తేవడానికి నన్ను పంపుతూ, ఇన్‌స్పెక్టరు గారు పీరా గారికి కూడా తోడుపొమ్మని కబురు చేశారు.

ఊరి వెలుపల ఒక రేకుల గది. మిట్టమధ్యాహ్నం. దూరాన మగ్గాల చప్పుడు ఆగి ఆగి వినబడుతున్నది. గదిలో ఈగల రొద తప్ప మరేమీ లేదు. పీరా గారు ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు. శవం పక్కన కూర్చుని, పడుకొన్న తమ్ముడిని లేపినట్లు, "తమ్ముడూ, ఒక్క చెయ్యి ఇయ్యప్పా. మళ్ళ నీ నిద్ర నువ్వు పో" అన్నారు. ఎడమచేతి బొటనవేలిని పట్టుకొని, కణుపు దగ్గర బ్లేడుతో ఒక గాటు పెట్టి, మెల్లగా లాగారు. నాని వదులైన చర్మం గోటితో సహా తొడుగువలె ఊడివచ్చింది. దానిని స్పిరిటులో కడిగి, గుడ్డతో అద్ది, నా వైపు చాచారు.

"ఏలు పెట్టు."

నా చేతిని వెనుకకు తీసుకొన్నాను.

"నా ఏలు లావు, పట్టదు. నీది సరిపోతుంది. రబ్బరు తొడుగుంది గదా, పెట్టప్పా. ఆయప్ప నిన్నేం అడగడంలే."

పెట్టాను. రబ్బరు తొడుగు మీదుగానే ఆ చల్లదనం ఎముకలోనికి దిగింది. పీరా గారు ఆ చర్మానికి సిరా పూసి, నా వేలిని కాగితం మీద దొర్లించారు. నల్లని మచ్చ పడింది గాని గీతలు పడలేదు. మరుగునీళ్ళలో పట్టుగూళ్ళు తిప్పి తిప్పి అరిగిన వేలు. ఆ మీదట బావినీరు. బయటి గీతలు పూర్తిగా పోయాయి. ఆయన నిట్టూర్చి, ఆ తొడుగును నా వేలినుండి తీసి, చొక్కా చేతిని తిప్పినట్లు లోపలిపక్క బయటకు వచ్చేటట్లు తిప్పి మళ్ళీ తొడిగారు. చర్మపు లోపలిపక్కన కూడా గీతల ఆనవాళ్ళుంటాయి. ఈసారి ముద్ర పడింది. అక్కడక్కడ మాత్రమే, మిగిలినదంతా తెలుపు. అది పడుతున్నప్పుడు నేను అనుభవించినదానిని నేటికీ నా బుద్ధి ఒప్పుకోదు. పీరా గారు నా మణికట్టును విడిచిపెట్టి ఉన్నారు. కాగితాన్ని నొక్కింది నేను కాదు. నా వేలి చుట్టూ ఉన్నదే, నిశానీ వేయడం తెలిసిన వేలివలె, తానుగా ఒకసారి దొర్లి, గట్టిగా నొక్కి, ఆగింది.

"స్లిప్పు మీద 'లోపలి పక్క' అని రాయి" అన్నారు పీరా గారు, తన ప్రతిని తీసుకొంటూ. తలూపాను. కాని చర్మాన్ని తీసివేసిన తరువాత కూడా వేలు నాది కానట్లే ఉండి, కలం నిలువలేదు. వ్రాయలేదు. వ్రాయలేదన్న సంగతి కూడా జ్ఞాపకం లేదు.

మరునాడు రిజిస్ట్రారు కచేరీ నుండి తెచ్చిన నిశానీ నకలును ఆ ముద్ర పక్కన పెట్టి చూశాను. రెండింటిలోనూ గీతలు ఉచ్చువలె వంపు తిరిగి ఉన్నాయి. కాని పుస్తకంలోని ఉచ్చు ఎడమకు తెరుచుకొంటే, శవం ఉచ్చు కుడికి తెరుచుకొన్నది. వంపు దిక్కే వేరైనప్పుడు ఇక పోల్చవలసినదేమీ లేదు. ఓబుళమ్మ మూడు దినాలుగా మా కార్యాలయం మెట్లమీద కూర్చుని ఉంది. అభిప్రాయం చెప్పే అధికారం నాకు లేదు. పై నిపుణుడు వచ్చేవరకు నోరు మెదపరాదన్నది నియమం. కాని ఆమె ముఖం చూసి నిలువలేకపోయాను. బయటికి వెళ్ళి, "ఆ శవం నీ మొగుడిది కాదమ్మా" అన్నాను. ఆమె ఏడవలేదు, నవ్వలేదు. వంగి నా బూట్లమీద రెండు చేతులూ ఆనించి, లేచి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఈ విషయాన్ని పీరా గారికి కొంత గర్వంతోనే చెప్పాను. ఆయన విన్నారు. లేచి లోపలికి వెళ్ళి తన ప్రతిని తెచ్చారు. పలుచని కాగితం. దాని వెనుకపక్కను నా వైపు తిప్పి, సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టుకొన్నారు. వెలుగులో ముద్ర వెనుకనుండి కనబడింది. ఉచ్చు ఎడమకు తెరుచుకొని ఉంది.

చర్మాన్ని తిప్పి తొడిగితే ముద్ర అద్దంలో బొమ్మవలె తారుమారవుతుందని మా పాఠాలలో మొదటి పాఠం. పరీక్షలో అడిగితే కళ్ళు మూసుకొని వ్రాయగలిగినవాడిని. భూతద్దం లాక్కొని, కచేరీ నకలును వెనుకనుండి కనబడుతున్న ఆ ముద్రతో పోల్చాను. ఒకటి, రెండు, మూడు... ఆరు గుర్తులు కుదిరాయి.

"అతడే సార్! నరసింహులే!"

"ఏడోది?"

ఏడవది లేదు. మిగిలినదంతా తెలుపు. ఆ తెలుపులో గీతలు మొలుస్తున్నాయి. రెప్ప కొట్టాను. పోయాయి. ఆరు గుర్తులు నియమం కోరే సంఖ్యకు చాలవు.

"మొన్న కాదన్నావు. ఈపొద్దు అవునంటాండావు" అన్నారు పీరా గారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఒకే వారంలో ఒక మనిషిని బతికిచ్చి సంపినావు గదప్పా. దేవునిగ్గూడా ఇంత తొందరుండదు."

"ఆమెకు ఏమని చెప్పేది సార్?"

"చెప్పలేమని చెప్పల్ల. నువ్వే పోయి చెప్పల్ల. చెప్పి రాకుంటే ఈ వాకిలి తొక్కొద్దు. పరీక్ష నీకు నువ్వే రాసుకో."

రీలింగ్ షెడ్డులో అడుగుపెట్టగానే ఆవిరి ముఖాన కొట్టింది. మరుగుతున్న తొట్లలో పట్టుగూళ్ళు పొర్లుతున్నాయి. వాటిలోపలి పురుగులు ఉడికిన కమురు వాసన. ఆవిరిలో ఆడవాళ్ళ ముఖాలు కనబడలేదు. నీళ్ళలో మునిగి లేచే, నాని తెల్లబడిన వేళ్ళు మాత్రమే వరుసగా కనబడ్డాయి. వాటిలో ఒక జత ఆగింది. ఓబుళమ్మ కొంగుతో చేతులు తుడుచుకొంటూ వచ్చింది. నుదుట పెద్ద బొట్టు, తలలో కనకాంబరాలు.

"వచ్చినాడా సామీ?" అంది. "మీరు చెప్పినకాన్నుంచి పూటకు ఒక పిడికెడు ఎక్కువే వండుతాండా."

చెప్పాను. నేను తప్పు చూశానని చెప్పాను. ఆ శవం అతనిది కావచ్చు, కాకపోనూవచ్చు. తేల్చి చెప్పేటంత ముద్ర లేదన్నాను.

"అంటే ఉండాడా? లేడా?"

"చెప్పలేమమ్మా."

"ఇదేం మాట సామీ! ఉంటే ఉండాడను. పోతే పోయినాడను, బొట్టు తీసేస్తా. నడిమధ్యన యాడుంటాడు మనిషి?"

తొట్లు మరుగుతూనే ఉన్నాయి. ఆమె వెనుదిరిగి తన తొట్టి దగ్గరకు పోయి మళ్ళీ చేతులు ముంచింది.

పరీక్షకు ధర్మవరం జంక్షనులో రైలెక్కాను. ప్రయోగ భాగంలో పది జతల ముద్రలిచ్చారు. తొమ్మిదింటికి అవుననో కాదనో వ్రాశాను. పదవ జతలో ఒకటి సగం చెరిగి ఉంది. గుర్తులు అయిదు దాటలేదు. చెరిగిన మేర నా కళ్ళకు గీతలు మొలిచాయి, ఎప్పటివలెనే చక్కగా, ఛందోబద్ధంగా. రెప్ప కొట్టి, పోనిచ్చి, నిర్ణయించడానికి వీలులేదని వ్రాశాను. మౌఖికంలో ఒక పరీక్షకుడు ఆ జతనే ముందుకు తోసి, ఇవి ఒకే వేలివని స్పష్టంగా కనబడుతుండగా ఎందుకు వ్రాయలేదని గద్దించాడు. కనబడుతున్నవి అయిదేనని, నియమానికి చాలినన్ని చూపిస్తే వ్రాస్తానని చెప్పాను. నా ఇంగ్లీషు అంత బాగా పలికిన దినం అంతకు ముందు లేదు, ఆ తరువాతా లేదు. అతడు కాగితం వెనుకకు తీసుకొన్నాడు.

ఉత్తీర్ణుడనైనట్లు ఉత్తరువు వచ్చిన దినాన కార్యాలయంలో మిఠాయి పంచారు. "పంతులూ, ఇంగ నీ సంతకం కోర్టులో మాట్లాడతాది, నువ్వు నోరు మూసుకున్నా సరే" అని పాత నిపుణుడు వీపు తట్టాడు. ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టరు గారు ఒక ఫైలు తెచ్చి నా బల్లమీద పెట్టారు. ధర్మవరం బావి శవం. తాను తేల్చలేనని పాత నిపుణుడు నా పరీక్ష ఫలితం వచ్చేదాకా దానిని అట్టిపెట్టాడట.

"ఆరు కుదిరినాయి. మనిషి ఎత్తు సరిపోతాది, కనబడకపోయిన దినం సరిపోతాది. వాడే అని నీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నారాయన. "అవునని రాసెయ్. లేకుంటే వాడు పోయినట్లు ఒప్పుకునేదానికి ఆయమ్మ చట్టప్రకారం ఏడేండ్లు కాసుకోవల్ల."

తలుపు దగ్గర ఓబుళమ్మ నిలబడి ఉంది, ఆయనే పిలిపించినట్లున్నారు. బొట్టు ఉంది, పూలు లేవు. రెండు చేతులూ జోడించింది.

"రాయండి సామీ. అవునని రాయండి. ఒక దినం ఏడ్సి ఊరుకుంటా. పొద్దుగూకితే వాకిలి గడియ పెట్టేదానికి భయమైతాంది, వస్తాడేమోనని. గడియ తీసిపెట్టేదానికీ భయమైతాంది."

నా జీవితంలో అంత సులభమైన దయ మరొకటి నాకు ఎదురుపడలేదు. ఒక్క మాట, ఒక్క సంతకం. నా మనస్సులో సందేహం ఏ కోశానా లేదు. ఆ వేలిలో నా వేలు ఉండినది. కలం తెరిచాను. ఆ తెల్లని మేరను మళ్ళీ చూశాను. 'నిర్ణయించడానికి వీలులేదు' అని వ్రాసి, నిపుణుడిగా నా మొదటి సంతకం దానికింద చేశాను. ఇన్‌స్పెక్టరు గారు ఫైలు లాక్కొని వెళ్ళిపోయారు. ఓబుళమ్మ కదలలేదు. నేను తల ఎత్తలేదు. తల ఎత్తేసరికి ఆమె లేదు.

పీరా గారికి చెప్పినప్పుడు ఆయన ముంగిట్లో కాగితాలు తిప్పుతున్నారు. ఆ బావి మనిషి ప్రతి కూడా వరుస చివర గులకరాయి కింద ఉంది. "నా మనసులోగూడా వాడే" అన్నారు మెల్లగా. "అయినా మనసును కోర్టులో ఎక్కియ్యరు గదప్పా." ఒక కాగితాన్ని తిప్పి, "బాధపడతాండావా?" అని అడిగారు. అవునన్నాను. "పడు. నేను ఇంతమందికి పడినాను" అని ఎండలో ఉన్నవారిని చూపారు. తరువాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

రెండు నెలల తరువాత ఒక ఉదయం ఓబుళమ్మ కార్యాలయానికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకొన్నాను. బల్ల మీద పది వేళ్ళూ చాచి పెట్టింది. శుభ్రంగా కడిగి, నూనె రాసి, ఆరబెట్టుకొన్న వేళ్ళు.

"పది దినాలాయ షెడ్డుకు పోక. గీతలు మళ్ళ లేస్తాయని మావాళ్ళు చెప్పినారు. సూడండి, లేసినాయా?"

భూతద్దంతో చూశాను. లేచాయి. సన్నగా, కాని స్పష్టంగా.

"అయితే తీసుకోండి సామీ, అన్నీ. రేపు నేను యాడన్నా పడిపోతే, నన్ను సూసి ఎవురూ ఆ మాట అనకూడదు. నడిమధ్యన నేనుండను. నా వల్ల కాదు."

అనుమానితులవీ మృతులవీ తప్ప వేలిముద్రలు తీసే నియమం మాకు లేదు. నియమం లేదని చెప్పలేదు. సిరా పలక మీద ఒక్కొక్క వేలినీ దొర్లించాను. చిటికెనవేలు రెండవసారికి గాని కుదరలేదు. కుదిరేదాకా ఆమే పట్టుబట్టి ఒత్తింది. పని ముగిసిన తరువాత కాగితాన్ని తన వైపు తిప్పించుకొని, చదవడం వచ్చినదానివలె ఆసాంతం చూసుకొని, "ఆఁ, బాగుండాయి" అని వెళ్ళింది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు పీరా గారు పోయారు. వారి అబ్బాయి ఒక రేకుపెట్టె తెచ్చి, "నాయన మీకియ్యమన్నాడు, ఇంట్లో పెట్టుకునేదానికి మాకు భయం" అని నా ఇంట దింపిపోయాడు. నెలకొకసారి నేనూ వారిని ఎండలో కూర్చోబెడుతున్నాను. గొణుగుడు కూడా నాకు తెలియకుండానే వచ్చింది. హిందూపురంలో రీలింగ్ షెడ్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఓబుళమ్మ మడకశిర వైపు పోయిందని కొందరు, బెంగుళూరని కొందరు అన్నారు. ఏడేండ్లు నిండినప్పుడు ఆమె కచేరీకి రాలేదు. రమ్మని చెప్పడానికి చిరునామా లేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఏ మండలంలోనైనా పేరు తెలియని స్త్రీ శవం దొరికి వేలిముద్రలు నా బల్లమీదికి వస్తే, మిగిలిన ఏ పనికంటెనూ ముందు వాటిని ఆమె కాగితంతో పోల్చేవాడిని. ఎవరూ ఆజ్ఞాపించిన పని కాదు. పది వేళ్ళూ స్పష్టంగా ఉన్నందున ప్రతిసారీ నిస్సందేహంగా 'కాదు' అని వ్రాయగలిగాను. వ్రాసిన పూట అన్నం హితవుగా ఉండేది. ఇప్పుడు నా దగ్గరకు శవాల కాగితాలేవీ రావు. ఆమె కాగితాన్ని మాత్రం ఆ రేకుపెట్టెలో పెట్టలేదు. పేరులేనివారి నడుమ దానికి చోటు లేదు. నా పుస్తకాల అలమరలో విడిగా, పేరు పైకి కనబడేటట్లు ఉంచాను. ఫలానా ముద్ర ఆమెదేనా అని ఎవరైనా అడిగితే, అవుననో కాదనో నేను చెప్పగలను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.